తిరుగు వాయనం

ఆ రోజు తనకు వాయనం ఇచ్చింది ఎవరన్న అనుమానం ఛాయాదేవిని పెళ్లయిన కొత్త నుంచీ వదలలేదు. కోస్తా జమీందారు ఒకాయన ఢిల్లీలో కట్టించుకున్న ఆ మేడ అప్పటికే మ్యూజియం. రాణివాసం గది చూస్తుండగా, వెనక నుంచి ఎవరో ముసలావిడ "ఇస్తినమ్మ వాయనం" అంటూ ఆమె కొంగులో పసుపు, కుంకుమ, తాంబూలం పెట్టింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. భయంతో "పుచ్చుకుంటినమ్మ వాయనం" అని బదులైనా చెప్పకుండా ఛాయాదేవి పరుగెత్తింది.

తిరుగు వాయనం ఇవ్వకపోతే ఆ బాకీ కూతురికి చుట్టుకుంటుందని అత్తగారు అనేది. వచ్చే నెల స్నిగ్ధ పెళ్లి. అందుకే ఆ గదిలోని రాణి బొమ్మకే తాంబూలం ఇచ్చేద్దామని, ఇవాళ కూతుర్ని వెంటబెట్టుకుని ఢిల్లీ శివారులోని వైశాలి నుంచి మెట్రోలో మళ్లీ ఆ మేడకు వచ్చింది.

"అరే మమ్మీ, స్టాచ్యూకి ప్రసాద్? గార్డ్ భయ్యా హసేగా, చూసి నవ్వుతాడు!"

"ఊరుకోవే. నీ కోసమేగా ఇదంతా. గుమ్మం దగ్గరే నిలబడు."

చలికాలపు చీకటి తొందరగా కమ్మింది. కాపలాదారు ఒక్కో గదిలో లైట్లు ఆర్పుకుంటూ వస్తున్నాడు. పీట మీద రాణి బొమ్మ కూర్చుని ఉంది. ఇందాక దాని కొంగు భుజం మీదే ఉంది. ఇప్పుడు ఒడిలో పరిచి ఉంది.

ఛాయాదేవి తాంబూలం ఆ కొంగులో పెట్టింది.

"ఇస్తినమ్మ వాయనం."

లైటు ఆరింది. తర్వాత గాజులు గలగలమన్నాయి.

"పుచ్చుకుంటినమ్మ వాయనం."

అదే ముసలి గొంతు. బాకీ తీరింది. ఆ మాట మాత్రం గుమ్మం దగ్గర, స్నిగ్ధ నిలబడ్డ చోటు నుంచి వచ్చింది.