ఎదురు

"మేధ ఆగిపోతే సరిపోతుందిగా," అంది సీతామహాలక్ష్మి, కారు డిక్కీలో చెగోడీల డబ్బా సర్దుతూ.

ఫ్లాస్కు తెచ్చి ఇవ్వబోతున్న మేధ అలాగే నిలబడిపోయింది.

ప్రయాణం అనుకున్నది నలుగురు. హేమంత్, అతని భార్య మేధ, అతని అమ్మా నాన్నా. నిన్న సాయంత్రం చల్లపల్లి నుంచి హేమంత్ మేనత్త పాపాయమ్మ సంచీతో సహా దిగింది. అప్పటికీ కారులో చోటుంది. ఆవిడ కాళ్లకే లేదు.

"మోకాళ్లు ఒకసారి ముడిస్తే మళ్లీ తెరుచుకోవు నాయనా," అంది పాపాయమ్మ అరుగు మీద రెండు కాళ్లూ బారజాపుకుని. "వెనక సీట్లో ఇదిగో, ఇలా పెట్టుకోవాలి. ఓ చివర మీ అమ్మ సర్దుకుంటుంది."

"దారంతా చూసి పెట్టింది తనే కదమ్మా," హేమంత్ నసిగాడు.

"అందుకేగా అంటున్నాను. ఎటు తిరగాలో, ఎక్కడ తినాలో ఇంట్లో కూర్చుని ఫోన్‌లో చెబుతుంది. కారెక్కితే నిద్రపోతుంది. పైగా పాలవాడికి తలుపు తియ్యాలి, కుళాయి వస్తే మోటారు వెయ్యాలి."

దారి మేధకు కంఠతా వచ్చు. రంపచోడవరంలో టిఫిను, మారేడుమిల్లి ఘాట్, సీలేరు, చింతపల్లి, లంబసింగి మంచు, పాడేరు, అరకు. ఏ ఊరు దాటితే పెట్రోలు దొరకదో, ఏ మలుపు నుంచి ఫోన్లు పలకవో తెలుసు. పాడేరులో గదులిచ్చే ఆవిడతో ఎన్నిసార్లు మాట్లాడిందంటే, ఆవిడ ఇప్పుడు "ఎప్పుడొస్తున్నావు చెల్లీ" అని తనే ఫోన్ చేస్తోంది. అవనిగడ్డలో పుట్టి గుడ్లవల్లేరులో కాపురానికొచ్చిన మేధ, కాలవ గట్టు కంటే ఎత్తైనది దేన్నీ కళ్లతో చూడలేదు.

"మావయ్యగారూ," అంది చిన్నగా.

వేంకటేశ్వర్లు మాస్టారు పేపరు మడత మార్చాడు. "ఇంటి విషయాలు మీ అత్తయ్యతో తేల్చుకోవాలమ్మా. నన్ను లాగకండి."

"అత్తయ్యగారూ, పెద్దావిడ కాళ్లు నా ఒళ్లో పెట్టుకుని కూర్చుంటానండీ."

"బాగుంది. ఘాట్ రోడ్డులో నువ్వటూ ఇటూ ఊగితే నా కాళ్లేం కావాలి?" అంది పాపాయమ్మ.

మేధ భర్త వైపు చూసింది.

"ఈసారికి సర్దుకో మేధా. మళ్లీ మనిద్దరం వెళ్దాం."

"ఎప్పుడు?"

"అంటే... చూద్దాం." అతను కారు అద్దం తుడవడం మొదలుపెట్టాడు. అది ఇందాక తుడిచిన అద్దమే.

మేధ ఎదురు చెప్పలేదు. ఫ్లాస్కు ఇచ్చి, గేటు తీసి పట్టుకుంది. కారు గేటు దాటి రోడ్డెక్కబోతుండగా పక్కింటి శ్రీహరి సైకిలు ఆపి నవ్వుతూ పలకరించాడు.

"ఎక్కడికండీ మాస్టారూ, పొద్దున్నే?"

"ఆపరా కారు," అంది పాపాయమ్మ. కిటికీలోంచి తల బయట పెట్టింది. "ఏమయ్యా, బయల్దేరేవాళ్లని ఎక్కడికని అడుగుతారా? మేం వెళ్లేది లోయల్లోకి. మళ్లీ తిరిగి రావాలా వద్దా?"

"తప్పయిందండీ," అని శ్రీహరి సైకిలు నడిపించుకుంటూ పక్కకి తప్పుకున్నాడు.

కారు వెనక్కి తీశారు. అందరూ దిగి, లోపలికొచ్చి కూర్చుని మంచినీళ్లు తాగారు. మేధే ఇచ్చింది.

"ఇక మంచి ఎదురు లేందే నేను కదలను," అంది పాపాయమ్మ గ్లాసు కింద పెట్టి. "ముత్తయిదువ నిండు బిందెతో ఎదురు రావాలి. ఏవమ్మాయ్, నువ్వే. ఆ నైటీతో కాదు. మంచి చీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని రా."

మేధ ఖాళీ గ్లాసులు తీస్తూ ఆగింది. "ఎంత దూరం నుంచి రావాలండీ?"

"ఎంత దూరం నుంచి వస్తే అంత మంచిది. రైస్ మిల్లు దాకా వెళ్లి అటు నుంచి రా. వచ్చేటప్పుడు మధ్యలో ఆగకూడదు. ఎవరు పిలిచినా పలకకూడదు. మమ్మల్ని దాటాక వెనక్కి తిరిగి చూడకూడదు. తెలిసిందా?"

"తెలిసిందండీ."

లోపలికి వెళ్లిన మనిషి ఎంతసేపటికీ రాలేదు. వర్జ్యం వచ్చేస్తుందని పాపాయమ్మ గొణగడం మొదలుపెట్టాక వచ్చింది. ఆకుపచ్చ చీర, నడుమున స్టీలు బిందె, బిందె మీద పళ్లెం.

"మూతెందుకే?" అంది సీతామహాలక్ష్మి.

"తొణక్కుండానండీ."

"నిండా ఉందా?"

"అంచుల దాకా ఉంది అత్తయ్యగారూ."

మేధ గేటు దాటి, గుడివాడ రోడ్డు మీద రైస్ మిల్లు వైపు నడిచింది. తొందరపడలేదు. మిల్లు దగ్గర ఆగిన లారీల వెనక చీర కొంగు కనపడకుండా పోయింది.

అందరూ మళ్లీ కారెక్కారు. పిల్లో, కట్టెల మోపో కంటపడుతుందేమోనని పాపాయమ్మ అందరి చేతా తలలు వంచించింది. "నువ్వొక్కడివే రోడ్డు చూడు హేమంతూ. అమ్మాయి ఎదురు రాగానే బండి కదిలించు."

కారు గేటు బయట రోడ్డు పక్కన గురగురమంటూ నిలబడింది. మాస్టారు వంచిన తలతోనే చెగోడీ నములుతున్నాడు. గుడివాడ నుంచి బందరు వెళ్లే బస్సు హారన్ కొట్టుకుంటూ వచ్చి, కారు పక్క నుంచి దూసుకుపోయింది. కారు మాత్రం కదల్లేదు.

"అమ్మాయి ఎదురొచ్చిందిరా?" తలెత్తకుండానే అడిగింది పాపాయమ్మ.

"వచ్చిందత్తా."

"బిందె నిండుగా ఉందా?"

"నిండుగానే ఉంది," అన్నాడు హేమంత్. "బస్సులో కిటికీ పక్కన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మూత కింద నుంచి స్వెట్టరు చెయ్యి వేలాడుతోంది."