లైట్‌హౌస్ పైకిటికీ

లైటార్పకుండా తేల్చే దారేదైనా ఉంటే బాగుండును. లేదు, బల్ల మీది అచ్చుబొమ్మ పాతదా నకలా తెలియాలంటే చీకట్లో టార్చి ఏటవాలుగా వేసి, గీతలు ఉబ్బెత్తుగా ఉన్నాయో లేదో చూడాల్సిందే. పాత బొమ్మలకు విలువ కట్టే ప్రేమకుమారికి ఇది ఇరవై ఏళ్ల అలవాటు. కానీ అమ్మ పోయిన ఈ ఆరు నెలల్లో, మహదేవపురలోని తన ఫ్లాట్‌లో రాత్రిపూట లైటు ఆరనేలేదు. చీకటంటే అంత భయం పట్టుకుంది.

ఫోన్ మోగింది. దేవనహళ్ళి నుంచి ఈ లైట్‌హౌస్ బొమ్మ తెచ్చిచ్చిన నాగరాజ్.

"చూస్తివా అక్కా? ఏమన్నా విలువ ఉండాదా?"

"నకలులాగే ఉంది అప్పా. భూతద్దంలో అంతా మిషను చుక్కలే. లైట్‌హౌస్ పైకిటికీలో మాత్రం ఒక్క చుక్కా లేదు."

"చీకట్లో చూడు మరి. భయమా?" నవ్వాడు. "మా అవ్వ రూములో ఆ బొమ్మ ఉండగా రాత్రికి బల్బు ఏసిందే లేదు."

ఫోన్ పెట్టేసి, టార్చి చేతిలోకి తీసుకుని లైటు ఆర్పింది. ఫ్రిజ్ మూలుగు కూడా అప్పుడే ఆగింది. టార్చి వెలుగులో గీతలన్నీ చదునుగా కనిపించాయి. టార్చి గోడవైపు తిప్పినా ఆ కిటికీ గోరంత పసుపుగా వెలుగుతూనే ఉంది. లోపల ఎవరో అడ్డంగా నడిచినట్టు ఒకసారి మసకబారి, మళ్లీ వెలిగింది.

ఆమె చెయ్యి మళ్లీ స్విచ్ దాకా వెళ్లింది. అయినా ఆ నడకలో తొందర లేదు. ఎవరో మేలుకునే ఉన్నారు.

ప్రేమకుమారి టార్చి కూడా ఆర్పేసింది.