నీడన ఆరబెట్టాలి

“మెషిన్లో వేశావు కదూ?”

దిళ్ళకి ఆనుకుని మంచం మీద కూర్చున్న భర్త తన తెల్ల షూని ముక్కు దగ్గర పెట్టుకుని అడిగాడు. మందుల గ్లాసుతో వస్తున్న భార్య గుమ్మంలోనే ఆగిపోయింది.

“లేదండీ. చేత్తోనే ఉతికాను.”

“చేత్తో ఉతికితే మడమ దగ్గర అడుగు ఇలా నోరు తెరవదు.” ఊడిన సందులో వేలు పెట్టి చూపించాడు. “వేడి నీళ్ళు కూడా పెట్టావు. ఆ మీదట ఎండలో పడేశావు. నిజమా, కాదా?”

పదిహేనేళ్ళు వీధి చివర షాపు పెట్టి నలుగురి షూస్ ఉతికిన మనిషి. షట్టరు దించి మూడు నెలలైంది. ఒళ్ళంతా జబ్బు పట్టినా ఆ కంటికీ ముక్కుకీ మాత్రం ఏ రోగమూ రాలేదు. ఆయన దగ్గర బుకాయించడం ఆమె తరం కాలేదు.

“ఏం చెయ్యమంటారు? వంట, మందులు, దుప్పట్లు. వీటికి తోడు ఈ షూస్ ఒకటి నా ప్రాణానికి.” గ్లాసు బల్ల మీద ఠక్కున పెట్టింది. “వారం తిరిగేసరికి వీటికేదో ఒకటి అవుతుంది. మొన్న కాఫీ ఒలకబోశారు. అంతకుముందు తలనూనె. దానికి ముందు సిరా. మంచం దిగని మనిషికి షూస్ దగ్గర సిరాతో ఏం పనండీ?”

“చెయ్యి జారింది.”

“మీకు చెయ్యి జారినప్పుడల్లా నాకు నడుం విరుగుతోంది.”

ఆయన నవ్వబోయి దగ్గాడు. దగ్గు తగ్గాక అన్నాడు. “నెల్లో లేచి తిరుగుతారని నువ్వేగా అన్నావు. లేచేసరికి తెల్లగా ఉండొద్దూ?”

ఆమె మొహం తిప్పుకుంది. అన్నది తనే. ఆసుపత్రి వరండాలో డాక్టరు చెప్పింది వేరు. ఇక నెలలు కావమ్మా, వారాలే అన్నాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, గదిలోకి వచ్చి, నవ్వుతూ ఆ అబద్ధం ఆడింది. నిజం తెలిస్తే ఆయన ఆ పూటే కుప్పకూలిపోతాడని ఆమె భయం. అప్పట్నుంచీ నోరు జారకుండా ఉండడమే ఆమెకి పెద్ద పనైపోయింది.

“కూర్చో,” అన్నాడు. “అతికించే సొల్యూషన్ డబ్బా, గరుకు కాగితం పట్రా.”

“ఇప్పుడా? పొయ్యి మీద కూర ఉంది.”

“కట్టేసి రా.”

ఆమె గొణుక్కుంటూనే వెళ్ళి, గొణుక్కుంటూనే వచ్చి నేల మీద కూర్చుంది.

“అంచు ఆరిందా, తాకి చూడు. తడి మీద పూస్తే చచ్చినా పట్టదు. ఆరిందిగా? ఇప్పుడు రెండు వైపులా గరుకు కాగితంతో రుద్దు. గట్టిగా కాదు, అది గిన్నె కాదు. ఆఁ, అంతే. పల్చగా పుయ్యి. రెండు వైపులా.”

పూసి, వెంటనే అతికించబోయింది.

“ఆగు. తాకితే వేలికి అంటకూడదు. అప్పుడు నొక్కాలి.”

ఆమె గోడ గడియారం వంక చూస్తూ కూర్చుంది. ఆయన ఆమె చేతుల వంక చూస్తూ కూర్చున్నాడు. తర్వాత నొక్కమన్నాడు. నొక్కింది. గుడ్డపీలికతో బిగించి కట్టమన్నాడు. కట్టింది. షూ లోపల ఇంకా చెమ్మగా ఉందని చూసి, పాత దినపత్రిక చింపి కుక్కబోయింది.

“పేపరొద్దు. తడికి అక్షరాలన్నీ గుడ్డ మీదకి దిగుతాయి. తెల్ల కాగితం పెట్టు.”

“దిగనివ్వండి, చదువుకుంటాం.”

“షూ ఇచ్చినవాడు చదువుకోడు, తంతాడు.”

ఆమెకి నవ్వొచ్చింది. చాలా రోజులకి వచ్చిన నవ్వు. తెల్ల కాగితాలు ఉండలు చుట్టి లోపల పెట్టి, షూ తీసుకుని కిటికీ వైపు నడిచింది.

“ఎండలో కాదు,” వెనకనుంచి గొంతు. “నీడన. ఎండకి తెలుపు పసుపెక్కుతుంది, జిగురు వదులవుతుంది.”

“నీడనైతే ఆరడానికి రెండు రోజులు పడుతుంది.”

“పట్టనీ. మనకేం తొందర?”

ఆ మాటకి ఆమె వెనక్కి తిరిగింది. షూ పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. వారాల తరబడి దాచుకున్నదంతా ఒక్కసారి బయటికి తన్నుకొచ్చింది.

“ఎన్నాళ్ళని ఆరబెట్టమంటారు దీన్ని? మీరు మళ్ళీ వీటిని తొడుక్కునేది లేదండీ. మీరు ఇక లేవరు.”

అనేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆలస్యమైపోయింది. ఈ ప్రపంచంలో ఏ మాట ఆయన చెవిన పడకూడదనుకుందో ఆ మాట తన నోటితోనే అంది. ఏడుపు ఆగలేదు.

ఆయన చెయ్యి చాచాడు. ఆమె దగ్గరికొచ్చి షూ ఇచ్చింది. పీలిక కాస్త పక్కకి జరిపి, అంచు వెంబడి గోరుతో మెల్లగా తడిమి చూశాడు. ఎక్కడా సందు లేదు.

“బాగా పట్టింది,” అన్నాడు.

“నేనన్నది వినబడిందా మీకు?”

“వినబడింది. నాకు తెలుసులే. డాక్టరు నీకంటే ముందు నాకే చెప్పాడు.”

ఆమె మంచం పక్కన చతికిలబడింది. “మరి అన్నీ తెలిసీ, ఇన్ని వారాలూ ఈ షూస్ పట్టుకుని నన్నెందుకు కాల్చుకుతిన్నారు?”

“నా తర్వాత షాపు తెరవాల్సింది నువ్వే కదా,” అన్నాడు ఆమె తల నిమురుతూ. “ఆ సంగతి ముందే చెబితే, ఏడుస్తూ కూర్చునేదానివి గానీ పని నేర్చుకునేదానివి కాదు.”