ఉప్పూ నిప్పూ

"ఆ సీసా బల్ల మీంచి తీసేయించండి. అది పచ్చి తిండి కాదు," అన్నారు మాస్టారు.

హాల్లో గిన్నెల చప్పుడు ఠక్కున ఆగిపోయింది. కండక్టరమ్మ చేతిలో చెంచా గాల్లోనే ఉండిపోయింది.

పొయ్యి వెలిగించకుండా చేసిన వంటకాల పోటీ అది. పన్నెండు బల్లలు, పన్నెండు మంది పోటీదారులు. పదో బల్ల ఆమెది. దాని మీద ఒక గాజు సీసా, అందులో ఉప్పునీళ్ళలో మునిగి ఇరవై ఒక్క రోజులు పులిసిన క్యాబేజీ, క్యారెట్ తురుము. పక్కనే తొమ్మిదో బల్ల మాస్టారిది. ఊళ్ళో పచ్చి తిండి పాఠాలు చెప్పేది ఆయనే, మూడేళ్ళుగా మొదటి బహుమతి ఎగరేసుకుపోతున్నదీ ఆయనే.

న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్దావిడ సూక్ష్మజీవుల పరీక్షలు చేసే ల్యాబులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. కళ్ళజోడు సర్దుకుని, ఎందుకు తీసేయించాలో చెప్పమంది.

మాస్టారు వేళ్ళు మడుస్తూ చెప్పుకొచ్చారు. కోసింది కోసినట్టు తింటేనే అది పచ్చి తిండట. పులిసిందంటే దాని గుణమే మారిపోయినట్టు, ఇక ఉడకబెడితేనేం, పులియబెడితేనేం. ఉప్పంటారా, అది కాయా కాదు, పండూ కాదు, ఉత్త నాలుక చాపల్యం.

వెంట వచ్చిన ఆడపడుచు కండక్టరమ్మ చెయ్యి గిల్లింది. "పోనీలే వదినా, సర్దుకుని వెళ్ళిపోదాం. అందరూ మననే చూస్తున్నారు."

కిక్కిరిసిన బస్సులో రోజూ వందమంది చూపుల మధ్య తిరిగే మనిషికి చూపులొక లెక్క కాదు. కానీ ఇరవై ఒక్క రోజులు డ్యూటీకి వెళ్ళేముందు మూత వదులు చేసి గాలి పోనిచ్చింది, పైకి తేలిన తురుమును మళ్ళీ నీళ్ళలోకి అదిమింది, పసిబిడ్డను సాకినట్టు సాకింది. ఇప్పుడు దాన్ని చంకన పెట్టుకుని తలొంచుకు పోవడానికి మనసొప్పలేదు.

"టికెట్ లేదని దింపేముందు మేమైనా ఒక మాట అడుగుతాం మేడమ్," అంది. "నన్నూ అడగండి."

పెద్దావిడ నవ్వాపుకుని చెప్పమంది.

పోటీ కాగితంలో ఉన్న నియమం ఒక్కటే, వంటకానికి నిప్పు తగలకూడదు. తను తగలనివ్వలేదు. ఇక ఉప్పు సంగతి, అది ఉప్పుమళ్ళలో ఎండకు తేలిన కల్లుప్పు, దానికీ ఏ పొయ్యీ తెలియదు. కండక్టరమ్మ ఇంతవరకు చెప్పేసరికి మాస్టారు అడ్డుపడి, ఎండ మాత్రం వేడి కాదా అన్నారు.

కండక్టరమ్మ ఆయన పళ్ళెం వంక చూసింది. "మరి మీ ఎండుద్రాక్షలు వెన్నెట్లో ఎండాయా మాస్టారూ?"

హాలంతా ఘొల్లుమంది. మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. ఉప్పు రక్తపోటు పెంచుతుందని, అది మాత్రం ఎవరూ కాదనలేరని అన్నారు.

"నేనూ కాదనను," అంది ఆమె. "రక్తపోటు ఉన్నవాళ్ళు తగ్గించుకోవాల్సిందే. కానీ నాది చెమటోడ్చే కొలువు. మీ పాఠం విని నాలుగు నెలలు ఉప్పు ముట్టలేదు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం పిక్కలు పట్టేసి బస్సు మెట్ల మీద కూలబడ్డాను. డాక్టరు నన్ను ఉప్పు తినమన్నాడు. అయినా పచ్చి తిండి మానలేదు, ఇదిగో, ఇలా చేర్చుకున్నాను. అది తప్పంటే ఇప్పుడే దిగిపోతాను."

మాస్టారికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు.

"బాగానే ఉంది. మరి పులిసిన మాటో?" అంది పెద్దావిడ.

కండక్టరమ్మ సీసా తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టి మూత తిప్పింది. టప్పుమని గాలి తన్నుకొచ్చింది. అడుగునుంచి సన్నని బుడగలు వరసకట్టి పైకి పాకాయి.

"చెవి పెట్టి వినండి మేడమ్. ఉడికి చచ్చింది ఇలా గుసగుసలాడుతుందా?"

పెద్దావిడ నిజంగానే వంగి చెవి పెట్టింది. ఆవిడ తల ఎత్తి, తాను ఉద్యోగం చేసినన్నాళ్ళూ చూసింది ఇలాంటి సూక్ష్మజీవులనేనని, పొయ్యి మీద పెడితే ఇవి బతకవని, ఇందులో ఇంత సందడిగా ఉన్నాయంటే దీనికి వేడి తగలనట్టేనని తేల్చి చెప్పింది. ఆ తరవాత చెంచాతో కొంచెం తీసుకుని నోట్లో వేసుకుంది. కళ్ళు మూసుకుని నమిలింది. చెంచా మళ్ళీ సీసాలో ముంచింది.

అంతే, మిగతా బల్లల వాళ్ళంతా పదో బల్ల ముందు వరస కట్టారు. "తోసుకోకండి, అందరికీ ఉంది," అని కండక్టరమ్మ బస్సులో లాగే కేకేసింది. వరస చివర మాస్టారు కూడా చిన్న గిన్నె పట్టుకుని నిలబడ్డారు.

తన వంతు వచ్చాక రుచి చూసి, "ఇంకో చెంచా వెయ్యమ్మా," అన్నారు నెమ్మదిగా. "పాఠం మార్చుకోవాల్సింది నేనే."

సీసా నిండుకుంది. మొదటి బహుమతి పదో బల్లకే అని పెద్దావిడ ప్రకటించగానే, వెళ్ళిపోదామన్న ఆడపడుచే రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని అందరికంటే ముందు ఈల వేసింది. కండక్టరమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, తల ఎత్తుకుని వేదిక ఎక్కింది.

ఇద్దరు మనుషులు పెద్ద అట్టపెట్టె మోసుకొచ్చి ఆమె ముందు దించారు. ఈ ఏటి బహుమతి దాత, బజారు వీధిలో పాత్రల కొట్టు ఆయన, మైకు అందుకుని గొంతు సవరించుకున్నాడు.

"నిప్పుతో పనే లేదని ఇవాళ మనందరి చేతా ఒప్పించిన ఈ అమ్మగారికి మా కొట్టు తరఫున చిన్న కానుక, నాలుగు పొయ్యిల గ్యాస్ స్టవ్."