వంతెనకి ఎటువైపు?

"ఆయనకి చెప్పండి మేస్త్రిగారూ, ఎక్కేది నా వైపు. ఇటు మెట్లకి పసుపు రంగే పడాలి," అంది కబ్స్ టీచరు.

"దిగేది నా వైపని ఆవిడకి చెప్పండి. అటు ఆకుపచ్చే," అన్నాడు స్కౌట్ మాస్టరు.

ఇద్దరి మధ్యా బారెడు దూరం కూడా లేదు. అయినా ప్రతి మాటా వడ్రంగి మేస్త్రి చెవి మీదుగానే వెళ్ళాలి. సుత్తి చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిరిగి చూసేసరికి పాపం ఆయన మెడ పట్టేసింది.

కబ్స్ అనే చిన్నపిల్లల జట్టువాళ్ళు పెద్దవాళ్ళయి స్కౌట్లలో చేరే వేడుక అది. స్కూలు మైదానంలో చెక్క వంతెన కడతారు. ఇటు చివర టీచరు పిల్లల మెడలోని పసుపు స్కార్ఫు విప్పి పంపుతుంది. అటు చివర మాస్టరు ఆకుపచ్చది కట్టి చేర్చుకుంటాడు. ఇంతే. దీనికి ఇంత రాద్ధాంతం!

పోయినేడు ఈ ఇద్దరి కీచులాటతో వేడుక అటకెక్కింది. పిల్లలు హెడ్‌మిస్ట్రెస్ గదిలో వరసగా నిలబడి బ్యాడ్జీలు పుచ్చుకుని, ఇంజెక్షన్ చేయించుకున్న మొహాలతో బయటికొచ్చారు.

"సాయంత్రంలోగా మీరిద్దరూ ఒక మాట మీదికి రాకపోతే ఈసారీ నా గదిలోనే పంచేస్తాను," అని హెడ్‌మిస్ట్రెస్ ఉదయమే హెచ్చరించింది. పిల్లలకి ఆ సంగతి తెలిసిపోయింది. ఆటలు మానేసి మైదానం చుట్టూ బిక్కుబిక్కుమంటూ తిరుగుతున్నారు.

"పిల్లల మొహాలకి రంగులు పూద్దాం, సరదాగా ఉంటుంది," అన్నాడు మాస్టరు.

టీచరు కస్సుమంది. "పూసేది ఆయన. మర్నాడు రుద్ది రుద్ది కడిగేది నేను. ఎప్పుడైనా ఇంతేగా, సరదాలు ఆయనవి, చాకిరీ నాది!"

"ముందు పిల్లల్ని వేళకి పంపమనండి. ఆరింటికని చెప్పి ఏడింటికి పంపుతారు. గేటు దగ్గర నిలబడి నిలబడి నా కాళ్ళు పీకేస్తాయి. తీరా వచ్చాక సంచీలో స్వెట్టరుండదు."

"ఆయన దగ్గర రెండ్రోజులుండి వస్తే చాలు, నా మాట ఒక్కటి వింటే ఒట్టు!"

ఆయా టీ తెచ్చింది. మాస్టరు పళ్ళు నూరుతూనే పంచదార లేని కప్పు టీచరు వైపు నెట్టాడు. ఆవిడ మొహం తిప్పుకునే తాగింది.

వంతెన కిందనుంచి ఓ తల బయటికొచ్చింది. చెట్టు కనిపిస్తే చాలు ఎక్కేసే పిల్ల. అందరూ ఉడుత అంటారు. ఈ ఏడు దాటాల్సిన వాళ్ళలో తనూ ఉంది.

"మేస్త్రి తాతా, వంతెన నడిమధ్యలో ఎంతమంది నిలబడొచ్చు?"

"ముగ్గురెక్కి గంతులేసినా చెక్కుచెదరదమ్మా. నేను కట్టింది!"

ఉడుత తలూపి వెళ్ళిపోయింది. అసలు తగువు అప్పుడు రాజుకుంది, తల్లిదండ్రులు ఎక్కడ నిలబడాలని.

"ఇటే. పెంచి పంపేది ఇటువైపు."

"అటే. రేపటినుంచి ఉండేది అటువైపు."

"సగంమంది ఇటు, సగంమంది అటు..." అని మేస్త్రి నసిగాడు.

"కుదరదు!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు. ఆ రోజు వాళ్ళిద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

మేస్త్రికి తిక్కరేగింది. సుత్తి నేలకేసి కొట్టాడు.

"చాలించండి! పొద్దున్నుంచీ చూస్తున్నాను. వేడుక పిల్లలదా, మీదా? ఎవరివాళ్ళు ఎక్కడ నిలబడాలో ఆ పిల్లల్నే అడగండి. వాళ్ళకీ నోరుంది!"

మాస్టరు బూటుతో గడ్డి తన్నాడు. ఎవరూ కాదనకపోవడంతో అదే ఖాయమైంది.

వేడుకనాడు డప్పులు మోగాయి. మొహాల నిండా రంగులు. ఒకడు తనవాళ్ళందర్నీ అటువైపే నిలబెట్టాడు, కేకు అటు ఉందని. ఇంకో పిల్ల నాన్నని ఇటు, అమ్మమ్మని అటు నిలబెట్టింది. అమ్మమ్మ ముద్దు పెడితే రంగు చెరిగిపోతుందిట, ఆఖర్నయితే ఫర్వాలేదుట. జనం పగలబడి నవ్వారు.

నవ్వనివాళ్ళు ఇద్దరే. ఆయన కట్టే ముడి వదులుగా ఉందని ఈ చివర టీచరు గొణిగింది. ఈవిడ విప్పడానికి యుగం పడుతోందని ఆ చివర మాస్టరు విసుక్కున్నాడు. వంతెన ఎంత పొడుగుంటేనేం, ఇద్దరి చూపులూ ఒకదాన్నొకటి కాల్చేస్తూనే ఉన్నాయి.

ఆఖర్న ఉడుత వంతు వచ్చింది. అందర్నీ అడిగిన ప్రశ్నే అయినా, ఈ పిల్లని అడగడానికి హెడ్‌మిస్ట్రెస్ మైకు ముందు కాస్త తటపటాయించింది.

"మరి... నీవాళ్ళు ఎటువైపమ్మా?"

టీచరు పసుపు స్కార్ఫు విప్పగానే ఉడుత వంతెనెక్కింది. అటు చివర మాస్టరు ఆకుపచ్చది పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. డప్పు జోరందుకుంది. నడిమధ్యకి వచ్చేసరికి ఉడుత టక్కున ఆగిపోయింది. డప్పూ ఆగింది.

బోసి మెడతో అక్కడే నిలబడి, ఓసారి వెనక్కి తిరిగి టీచర్నీ, ఓసారి ముందుకి తిరిగి మాస్టర్నీ చూసి, ఉడుత గట్టిగా అరిచింది: "అమ్మా, నువ్వు ఇట్నుంచి రా, నాన్నా, నువ్వు అట్నుంచి రా, ఇక్కడ ముగ్గురం నిలబడొచ్చని మేస్త్రి తాత చెప్పాడు!"