ఎరుపు గీత

"ఇదేనాండీ ఎరుపు?" తెర మీది ఒక మచ్చ మీద మౌస్ పెట్టి, అడిగీ అడగనట్టు అడిగాడు నాగసతీష్.

పక్క సీట్లోంచి కుమారస్వామి గారు తొంగిచూశారు. "ఆయ్! అదేనండి."

హమ్మయ్య అనుకున్నాడు నాగసతీష్. ఎరుపూ ఆకుపచ్చా అతనికి పుట్టుకతోనే ఒకటే రంగు. ఆ సంగతి పొక్కితే అమలాపురంలో దొరక్క దొరికిన ఉద్యోగం ఊడుతుంది. చేసేది రంగుల పనే మరి! రోగి కండముక్కని ఉల్లిపొరల్లా కోసి, రంగులద్ది, మైక్రోస్కోపు కింద తీసిన ఫొటోలు వస్తాయి. ఎరుపు రోగం, ఆకుపచ్చ నరం. వాటి చుట్టూ గీతలు గీస్తే, కంప్యూటరు ఆ పొరలన్నీ పేర్చి త్రీడీ బొమ్మ కడుతుంది. డాక్టర్లు దాన్ని చూసే కత్తి పడతారు.

ప్రతి ఫైలూ ఇద్దరు గీయాలి. ఇద్దరి గీతలూ కలిస్తేనే పాసు. రెండేళ్లలో ఈ జంట ఫైలు ఒక్కటీ వెనక్కి వచ్చిన పాపాన పోలేదు. ఎన్నిసార్లడిగినా పెద్దాయన విసుక్కోకుండా ఆయ్ అంటారు, తనూ అలాగే గీస్తారు. దేవుడులాంటి మనిషి!

ఇవాళ్టి ఫైలు మాత్రం వేరు. ఫైళ్ల మీద పేర్లుండవు, నంబర్లే. ఆ నంబరు సౌజన్య రిపోర్టు మీదిది. సౌజన్య నాగసతీష్ భార్య, కొత్తపేట బళ్లో తెలుగు టీచరు. గొంతులో గడ్డ. ఎరుపు గనక నరం జోలికి పోకపోతే గడ్డ ఒక్కటే తీస్తారు. పాకితే గొంతుపెట్టె మొత్తం తీసేస్తారు, ఇక మాటుండదు.

వేరేవాళ్లకి ఇచ్చేద్దామా అనుకున్నాడు. కుమారస్వామి గారి కన్ను ఇంకెవరికుంది?

"మా ఆవిడదండీ ఇది. బాబ్బాబు, జాగ్రత్తగా చూడండి. నరంలోకి పాకిందంటారా?"

పెద్దాయన చాలాసేపు చూశారు. నుదుటి చెమట తుడుచుకున్నారు. "మీకెలా అనిపిస్తోందండీ?"

"పాకినట్టే ఉందండి."

"ఆయ్... అలాగే ఉందండి."

ఇద్దరూ గీశారు. నూటికి నూరూ కలిసింది.

పది రోజుల తర్వాత కుమారస్వామి గారు కాకినాడ ఆసుపత్రికి బత్తాయిలు పట్టుకుని వచ్చారు. లోపల మంచం మీద సౌజన్య కాగితం మీద "ఆయనకి కాఫీ ఇప్పించండి" అని రాసి చూపించింది. నాగసతీష్ ఆయన్ని వరండాలోకి తీసుకొచ్చి, రెండు చేతులూ పట్టుకుని భోరుమన్నాడు.

"గొంతు పోతే పోయింది, మనిషి దక్కిందండీ. అంతా మీ చలవే. ఇప్పుడు చెబుతున్నాను, నాకు ఎరుపూ ఆకుపచ్చా తెలీవండి. రెండేళ్లూ మీరు ఆయ్ అంటేనే గీసేను."

కుమారస్వామి గారు చేతులు విడిపించుకున్నారు. "మరి మౌస్ పెట్టి చూపించింది మీరే గదండీ!"

"ఏదో గుడ్డిగా పెట్టేవాణ్ణండి. చూసి చెప్పింది మీరు కదా!"

"నాకూ కనపడవండి."