పాల ఫ్లాస్కు

“ఇయ్యాల నేను సుత దవాఖానకు వస్త. కన్న కొడుకును సూడకుంట ఎన్ని దినాలుండాలె?” సాయవ్వ గడపకు అడ్డంగా నిలబడింది.

భూమేశ్వర్ ఆమెను మంచం వైపు నడిపించబోయాడు. “నీ కాన్పు ఆపరేషన్ కుట్లు ఇంక పచ్చిగనే ఉన్నయి. ఆర్మూరు నుంచి నిజామాబాద్ దాంక గా బస్సుల ఎగిరెగిరి పడ్తే నిన్ను సుత ఆడనే పండబెట్టాలె.”

“పాలు తాగుతుండా మరి?”

“ముక్కులకెళ్లి పైపుతోనే పోస్తున్నరు. పేగుల ఆపరేషనయిన పిల్లలకు డబ్బాపాలు పోస్తే పొట్టల చెడ్డ క్రిములు పెరుగుతయంట. తల్లిపాలయితే మంచి క్రిములు పెరుగుతయంట. డాక్టరమ్మ రోజు గదే చెప్తది.”

“పక్క మంచం పిలగాడు? గా తల్లి లేనోడు, సకీనమ్మ మనుమడు?”

“వానికి సుత పైపే.”

సాయవ్వ గడప దగ్గర్నుంచి పక్కకు జరిగింది. ఐసు ముక్కలు వేసిన ఫ్లాస్కులో పాలసీసా పెట్టి అతని చేతికిచ్చింది.

దవాఖానలో నర్సు ఆ పాలను సన్నని పైపులో పోసింది. చుక్క చుక్కగా దిగుతుంటే సకీనమ్మ కళ్లు తుడుచుకుంది.

“ఉబ్బు దిగింది, విరేచనాలు తగ్గినయి బేటా. నీ పెండ్లాం పాలే నా మనుమని పానం నిలబెడుతున్నయి.”

భూమేశ్వర్ పక్కనున్న ఖాళీ మంచం వైపు చూడలేకపోయాడు. తన కొడుకు పడుకున్న మంచం అది. మొన్న తన చేతులతోనే వాడి మీద మట్టి కప్పాడు. ఇంటికెళ్లి బావి దగ్గర బట్టలతోనే స్నానం చేస్తుంటే సాయవ్వ చూసింది. మార్కెట్లో బస్తాలు మోశాను, పసుపు దుమ్మని చెప్పాడు. నిజం చెబితే ఆమె ఏమైపోతుందో! ఏడ్చి ఏడ్చి పాలింకిపోతే ఈ పసివాడు ఏమవుతాడో! ఖాళీ ఫ్లాస్కు పట్టుకుని బస్సెక్కాడు.

“మనోడు మంచిగ తాగిండు” అన్నాడు, ఇంట్లో అడుగు పెడుతూనే.

సాయవ్వ ఫ్లాస్కు కడిగి బోర్లించింది. “రేపు ఇంకో సీసా పంపుత. సకీనమ్మ మనుమనికి ఒక్కటి సాల్తలేదేమో.”

భూమేశ్వర్ గోడ పట్టుకున్నాడు. “నీకు... ఎవరు చెప్పిండ్రు?”

“నువ్వే.” ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. “బట్టలతోనే తానం జేసి పసుపు దుమ్మంటివి గదా... గా దినం అమాస. మార్కెట్ బందుంటది.”